వెంకట్రాజం బట్టల దుకాణం ముందర కూలగొట్టిన గచ్చు

వరంగల్లు,
నవంబరు, 1981.

బజారు మార్గముల క్రమబద్ధీకరణ ప్రత్యేక అధికారి గారి సముఖమునకు,
మట్టెవాడ కాపురస్తురాలు, రవికలు కుట్టి జీవించు దాసరి సోమక్క వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: బట్టల దుకాణం ముందర నడవలేనివారి కొరకు కట్టిన ఏటవాలు గచ్చును తమ సిబ్బంది కూలగొట్టుట – తిరిగి కట్టుకొనుటకు వ్రాతపూర్వక అనుమతి కోరుట – మరియు తమ కార్యాలయం మెట్ల గురించి నాలుగు మాటలు.

పై విషయములో తమకు తెలియజేసుకొనునది ఏమనగా:

ముందుగా ఒక మాట. ఈ అర్జీలో గట్టిగా ఉన్న మాటలన్నీ మా పక్కింటి సారంగపాణి గారివి. ఆయన తాలూకా కచేరీ అరుగు మీద కూర్చుని తల నెరిసేదాకా అర్జీలు రాసిన మనిషి. "అర్జీల ఏడ్వద్దు, నవ్వద్దు, నంబర్లు వెయ్యాలె" అని చెప్పినారు. నంబర్లు వేస్తున్నాను. మిగతా రెండూ నా చేతిలో లేవు.

1. అర్జీదారునైన నాకు చిన్నతనంలో ఒక జ్వరం వచ్చింది. అది పోతూ పోతూ రెండు కాళ్లనూ వెంట తీసుకుపోయింది. చేతులు మాత్రం దండిగా ఉన్నవి. చేత్తో తిప్పే కుట్టుమిషను ఒకటి, చేత్తోనే తిప్పే మూడు చక్రాల బండి ఒకటి నాకున్న స్థిరచరాస్తులు. మిషను స్థిరం, బండి చరం. తమ్ముడి ఇంట్లో ఉంటాను గానీ తమ్ముడి మీద పడి తినను.

పెండ్లి చీర గానీ, పేరంటం చీర గానీ, జోడు రవిక కోసం నా ఒళ్లో వాలని చీర మట్టెవాడలో తక్కువ. కానీ నా ఒంటి మీది చీరను నేను ఎన్నడూ ఎంచుకోలేదు. మరదలు రాజక్క తెస్తుంది. రాజక్క మంచి మనిషి. ఆమె మీద నాకు ఏ విధమైన ఫిర్యాదు లేదని ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాను. ఫిర్యాదు ఆమె తెచ్చే రంగు మీద. ప్రతిసారీ బెల్లం రంగు, కాకుంటే మట్టి రంగు, అదీ కాకుంటే మట్టిలో పడిన బెల్లం రంగు. ఎందుకని అడిగితే, "మాసినా కానరాదు వదినె. నువ్వు నేల మీద జరుగుతవు గదా" అంటుంది.

నిజమే. కానీ అయ్యా, మాసినా కానరాని చీర ఉతికినా కానరాదు.

2. మొన్న ఎండాకాలంలో ఒక పొద్దున, పండుగ లేదు, పెండ్లి లేదు, నా చీర నేనే ఎంచుకోవాలని బుద్ధి పుట్టింది. బండి తిప్పుకుంటూ స్టేషను రోడ్డులోని వెంకట్రాజం గారి బట్టల దుకాణానికి పోయినాను. ఆ దుకాణం మెట్లు చాలా ఎత్తు. వానాకాలం మోరీ పొంగి నీళ్లు లోపలికి వస్తున్నాయని వాళ్ల నాయన కట్టించినాడట. నీళ్లు ఆగినవి. నేనూ ఆగినాను.

కింద నుండి కేక వేసినాను. "సేటూ! చీరలు చూస్తందుకు వచ్చిన!"

వెంకట్రాజం గారు గల్లా దగ్గర నుండి వంగి చూసినారు. "అయ్యో సోమక్కా, నువ్వెందుకొచ్చినవు? రాజక్కకు చెప్తే సరిపోతుండె గదా. ఆగు, కిందికి పంపిస్త."

గుమాస్తా మూడు చీరలు తెచ్చి నా బండి మీద పరిచినాడు. ఒకటి మట్టి రంగు. ఒకటి దుకాణం ముందరి అద్దాల అరలో వేలాడదీయగా ఎండకు సగం వెలిసినది. మూడవ దాని అంచును నాకంటే ముందే ఒక ఎలుక ఎంచుకున్నది.

ఇంతలో జనం మూగినారు. పల్లీలమ్మే అవ్వ మట్టి రంగు బాగున్నదన్నది. రిక్షా ఆయన, "చామనచాయకు గది నప్పది, పసుపుపచ్చ కావాలె" అన్నాడు. నీకేం తెలుసని అవ్వ, నాకు ఇద్దరు పెండ్లాలని రిక్షా ఆయన. నా చీర సంగతి పక్కకు పోయి వాళ్లిద్దరి పంచాయితీ మొదలైంది. వెనుక బస్సు ఆగిపోయింది. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఏదో ఒకటి తీస్కో అక్కా, బస్సుల జనానికి రైలు అందాలె!" అని అరిచినాడు.

అయ్యా, ఆడమనిషి చీర ఎంచుకొనుట బహిరంగ సభ కాదు.

"సేటూ, గీ మూడు కాదు," అన్నాను. "లోపల గోడ పొడుగూత పేర్చినవు గదా, అవన్నీ చూడాలె."

"గోడను కిందికి ఎట్ల తెస్త అక్కా?"

"గోడను తెమ్మంటలేను. నన్ను లోపలికి రానియ్యి అంటాన."

"నిన్నెవలు వద్దన్నరు? మెట్లున్నయి గదా!"

ఆ మాట అన్న తర్వాత ఆయనే నాలుక కరుచుకున్నారు. చెడ్డ మనిషి కాదు. ఆలోచన ఎన్నడూ రాలేదు, అంతే.

3. వెంటనే కుర్చీ తెప్పించినారు. ఇద్దరు గుమాస్తాలు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా ఎత్తుకుపోవుటకు సిద్ధపడినారు. నేను ఒప్పుకున్నాను. నా జీవితంలో నేను ఒప్పుకోకూడని పనులలో ఇది పెద్దది.

సగం మెట్ల మీద ఒకడు "నీ దిక్కు ఎత్తు" అన్నాడు. ఇంకొకడు "నీ దిక్కు దించు" అన్నాడు. ఇద్దరూ ఒకేసారి ఒకరి మాట ఒకరు విన్నారు. నేను ఆకాశం వైపు తిరిగినాను. రోడ్డు మీద పోతున్న ముసలాయన ఒకరు నాకు ఫిట్సు వచ్చిందనుకుని, "చేతిల తాళంచెవులు పెట్టుర్రి!" అని కేక వేసినాడు. ఎవరో పెట్టినారు కూడా. ఇంకెవరో ముఖం మీద నీళ్లు చల్లినారు. ఈ విధముగా, తడిసిన ముఖంతో, పరాయివాళ్ల తాళంచెవుల గుత్తి పట్టుకుని, అర్జీదారు బట్టల దుకాణంలో మొట్టమొదటి సారి ప్రవేశించినది.

లోపల గోడ ఉన్నది. అయ్యా, ఎట్లా చెప్పను? పసుపు, వంగపువ్వు, నెమలికంఠం, కుంకుమ, నేను సూదిలో దారం ఎక్కించి చూసిన రంగులన్నీ వరుసగా ఉన్నవి. కానీ గుమాస్తాలు కుర్చీ చేతులు వదలలేదు. చెరో పక్క నిలబడి, "జర జల్ది చెప్పక్కా, గిరాకి ఉన్నది. మళ్ల నిన్ను దించాలె గదా" అన్నారు.

కంగారులో నా నోరు, "ఆ మట్టి రంగుదే కట్టియ్యి" అన్నది.

ఇంటికి వచ్చి ఏడ్చినాను. (ఈ వాక్యం కొట్టేయమని సారంగపాణి గారు అన్నారు. ఏడ్పు సాక్ష్యం కిందికి రాదట. నేను కొట్టేయలేదు.)

4. మరునాటి నుండి వెంకట్రాజం గారి దుకాణంలో కొన్న చీరకు రవిక కుట్టనని చెప్పినాను. కోపంతో చెప్పలేదు. ఇది అబద్ధం, కోపంతోనే చెప్పినాను.

ఆడవాళ్లు మొదట నమ్మలేదు. తర్వాత సంచులు మార్చి తెచ్చినారు. హనుమకొండలో కొన్నామన్నారు, చుట్టాలు పెట్టినారన్నారు. చీర కొంగు లోపలి మూలన దుకాణం ముద్ర ఉంటుంది. తిప్పి చూపించి వెనక్కి ఇచ్చినాను.

పెండ్లిళ్ల రోజులు. మా ఎదురింటి హలీమాబీ చెల్లెలి నిఖా దగ్గర పడింది. ఆమె వచ్చి గడపలో నిలబడింది.

"అరే సోమక్కా, కొట్లాట నీకూ సేటుకూ. నడుమ నా రైక ఏం పాపం చేసింది?"

"నీ రైకతోని నాకు కొట్లాట లేదు హలీమాబీ. గీ చీర తీసుకునే ముందల ఎన్ని చూసినవు?"

"లెక్కనే లేదు. పొద్దుందాక చూసిన. సేటు మొఖం మాడిపోయింది."

"నేను మూడు చూసిన. అండ్ల ఒకటి ఎలుక కొరికింది."

హలీమాబీ చీర మడిచి చంకలో పెట్టుకున్నది. "చల్, నేనే అడుగుత" అని నేరుగా స్టేషను రోడ్డుకు నడిచింది. ఇల్లు దాటినప్పుడు ఒక్కతే. దుకాణం చేరేసరికి నా దగ్గర రవికలు ఆగిపోయిన ఆడవాళ్లందరూ ఆమె వెనుక ఉన్నారట. వాళ్లు ఏం మాట్లాడినారో నాకు తెలియదు. సాయంత్రానికి వెంకట్రాజం గారు మా ఇంటికి వచ్చినారు.

మా ఇంట్లో నా అర్ర అంతా నాకు అందేటట్టు ఉంటుంది. బట్టలు ఆరేసే తాడు ఆయన నడుముకు అడ్డం పడింది. దానిని వంగి దాటబోతే నీళ్ల కుండ కాలికి తగిలింది. కూర్చుందామంటే పీట తప్ప ఏమీ లేదు. ఆయన పెద్ద ఒళ్లు మనిషి. మోకాళ్లు పటపటమన్నవి.

"మీ ఇంట్ల అన్నీ కిందనే ఉన్నయేంది సోమక్కా?"

"నీ దుకాణంల అన్నీ మీదనే ఉన్నయి గదా సేటూ. గట్లనే."

ఆయన పీట మీద కూర్చుని చెమట తుడుచుకున్నారు. రాజక్క ఇచ్చిన చాయ తాగినారు. "సరే. ఏం జెయ్యమంటవో చెప్పు. ఆడోళ్లు గిరాకి బందు పెడితే నేను దుకాణంల తీగలు కట్టుకోని బట్టలారేసుకోవాలె" అన్నారు.

ఏటవాలు గచ్చు కట్టించమన్నాను.

5. హసన్‌పర్తి నుండి పోశయ్య మేస్త్రీ వచ్చినాడు. స్థలం కలిసివస్తుందని గచ్చును నిటారుగా కట్టినాడు. చూస్తే కొండకు నిచ్చెన వేసినట్టు ఉన్నది. "ఎక్కు అక్కా, సక్కగ లోపలికే పోతవు" అన్నాడు పోశయ్య.

"మొదలు సేటు ఎక్కాలె," అన్నాను.

వెంకట్రాజం గారికి పౌరుషం వచ్చింది. నన్ను అరుగు మీదికి జరిపి, నా బండిలో కూర్చుని, రెండు చేతులా తిప్పినారు. సగం దాకా బాగానే పోయినారు. అక్కడ ఊపిరి అయిపోయింది. బండి ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత సేటును వెనక్కి తీసుకుని గచ్చు దిగి, రోడ్డు దాటి, అవతల కూరగాయలమ్మే ఆమె టమాటల కుప్పలోకి పోయి ఆగింది. దేవుడి దయ, దెబ్బలు తగలలేదు. ధోతికి మాత్రం నేను ఎన్నడూ కొనని రంగు పట్టింది.

టమాటలలో కూర్చునే ఆయన పోశయ్యను పిలిచినారు. "గచ్చు జర పొడుగు జెయ్యి."

"ఎంత పొడుగు సేటూ?"

"బండి టమాటల దాక రాకుండ!"

ఈ కారణము చేత గచ్చు పొడవై, మోరీ మీదుగా రోడ్డు అంచు దాకా వచ్చినదే తప్ప, ప్రభుత్వ స్థలమును ఆక్రమించు దురుద్దేశము ఎవరికీ లేదని తమరు గమనింపగలరు.

6. గచ్చు నా ఒక్కదాని కోసం కట్టినారు గానీ దాని మీద నేను ఒక్కదాన్నే ఎక్కలేదు. చూలింతలు ఎక్కినారు. చేతికర్ర ముసలమ్మలు ఎక్కినారు. బట్టల మూటలు మోసే హమాలీలు మెట్ల వైపు చూడటమే మానేసినారు. ఒక మేక ప్రతిరోజూ ఎక్కి, దుకాణమంతా చూసి, ఏమీ కొనకుండా దిగేది.

నేను పోయిన దినం ఎవరూ నన్ను ఎత్తలేదు. ఎవరూ నీళ్లు చల్లలేదు. నా బండి, నా చేతులు. గోడ ముందర బండి ఆపుకుని, కింది అర నుండి పై అర దాకా చూపించమన్నాను. గుమాస్తాలు నిచ్చెన వేసినారు. ఒక్కొక్క చీర విప్పి పరుస్తుంటే, "ఇది వద్దు" అన్నాను. "ఇదీ వద్దు" అన్నాను. అయ్యా, "వద్దు" అనే మాటలో ఎంత రుచి ఉన్నదో తమకు తెలియకపోవచ్చును. తమరు దినమూ అంటుంటారు గనుక అలవాటై ఉంటుంది. నాకు అది మొదటిసారి.

మధ్యాహ్నం దాటిన తర్వాత ఒక చిలకపచ్చ చీర దొరికింది. కుంకుమ రంగు అంచు. ఒళ్లో వేసుకుని చూసుకున్నాను. అద్దం తెప్పించుకుని భుజం మీద వేసుకుని చూసుకున్నాను. అద్దంలో ఉన్న మనిషి దూరం నుండి కూడా కనబడుతున్నది.

చీర మడిచి గుమాస్తా చేతికి ఇచ్చి, "రేపొస్త" అన్నాను.

గోడ మీది చీరలన్నీ నేల మీద ఉన్నవి. గుమాస్తాలు ఏడ్పు ముఖం పెట్టినారు. వెంకట్రాజం గారు మాత్రం పెద్దగా నవ్వి, "ఇప్పుడు నువ్వు అసలైన గిరాకివి సోమక్కా" అన్నారు.

కొనగలిగీ కొనకుండా ఒక దుకాణం నుండి బయటికి వచ్చుట ఎంత సుఖమో ఆనాడు తెలిసింది. ఇంటి దాకా పాట పాడుకుంటూ వచ్చినాను. (ఈ వాక్యం కూడా కొట్టేయమన్నారు.)

7. మరునాడు చీర కొందామని పోయేసరికి తమ శాఖ వారు గడ్డపారలతో గచ్చును పగలగొడుతున్నారు. సగం అప్పటికే మోరీలో ఉన్నది.

వాళ్ల మేస్త్రీని అడిగినాను. "ఎందుకు పలగ్గొడుతాండ్రు?"

"ప్రజల రాకపోకలకు అడ్డమున్నదట. ఆర్డరు."

"నేను ప్రజను కాదా? గిది నా రాకపోకనే గదా!"

అతడు గడ్డపార ఆపి ఆలోచించినాడు. "నిజమే గాని అక్కా, ఆర్డరుల నీ ముచ్చట లేదు" అన్నాడు.

ఆ గచ్చు పక్కనే, అదే రోడ్డు అంచున, తుప్పు పట్టిన రోడ్డు రోలరు ఒకటి ఏండ్ల తరబడి నిలబడి ఉన్నది. దాని ఇంజనులో కోళ్లు పొదుగుతున్నవి. దాని చుట్టూ జనం తిరిగి పోతారు, బస్సు తిరిగి పోతుంది, ఊరేగింపులు తిరిగి పోతాయి. దానిని ఎందుకు తీయలేదని అడిగితే, "అది ఎవ్వలిదో తెల్వదక్కా. ఎవ్వలిదో తెలిస్తెనే తీస్తం" అన్నారు. ఆ లెక్కన మా గచ్చును కట్టినది ఎవరో తెలియకుండా ఉంచవలసినది. మాకు అంత తెలివి లేకపోయింది.

వెంకట్రాజం గారు రెండు చేతులూ జోడించినారు. "మళ్ల కడితే దుకాణానికే తాళమేస్తమన్నరు అక్కా. ఆఫీసు నుంచి ఒక్క కాగితం తే. అదే పొద్దు కట్టిస్త."

చీర బయటికి తెప్పిస్తానన్నారు. ఏ చీరో నాకు తెలుసు గనుక తీసుకోవచ్చును. నేను వద్దన్నాను. రోడ్డు మీద తీసుకునే చీరలు నేను చాలా కట్టుకున్నాను.

8. కాగితం కొరకు తమ కార్యాలయానికి వచ్చినాను. గేటు మీద కొత్త గుడ్డ కట్టి ఉన్నది: "అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం – వికలాంగులకు హార్దిక స్వాగతం." కింద ఒక బాణం గుర్తు. ఆ బాణం మెట్లను చూపిస్తున్నది.

కింద జవాను రాజమల్లు ఉన్నాడు. మర్యాదస్తుడు. "సారు మీద ఉన్నడు అక్కా" అన్నాడు.

"కిందికెప్పుడు వస్తడు?"

"కిందికి దిగిండంటే ఇంటికి పోతాండన్నట్టు. అప్పుడు అర్జీ తీసుకోడు."

రాజమల్లు పైకి పోయి చెప్పగా తమ గుమాస్తా గారు వసారాలోకి వచ్చి కిందికి వంగి, ఏమి కావాలన్నారు. రోడ్డు చప్పుడులో నేను గొంతు చించుకుని, "గచ్చు! నా గచ్చు పోయింది!" అని అరిచినాను. ఆయనకు "మచ్చ" అని వినబడినట్టున్నది. "మచ్చలకు దవాఖానకు పోవమ్మా, ఇక్కడ కాదు" అన్నారు. ఈ సంభాషణ కొంతసేపు జరిగింది. చివరకు గేటు బయట సోడా అమ్మే ఆయనకు కూడా నా మీద జాలి కలిగి, ఇంగువ నూనె రాయమన్నాడు.

అప్పుడు రాజమల్లు ఉపాయం చెప్పినాడు. తమ కార్యాలయంలో చాయ పైకి లాగే బుట్ట ఒకటి ఉన్నది, తాడుతో. అప్పుడు రాసిన నా మొదటి అర్జీని ఆ బుట్టలో పెట్టినాము. బుట్టలో చాయ కూడా ఉన్నది. పైకి పోయేసరికి అర్జీ చాయ తాగినది. అయినా తమ వారు దయతో చదివి, వెనుక ఎర్ర సిరాతో రాసి, అదే బుట్టలో కిందికి దించినారు. ఆ వ్రాత యథాతథముగా: "దరఖాస్తుదారు స్వయముగా పై అంతస్తున హాజరై, తాను మెట్లు ఎక్కలేనని నిరూపించుకొనవలెను."

అయ్యా, నేను ఆ కాగితం పట్టుకుని చాలాసేపు నవ్వినాను. రాజమల్లు కూడా నవ్వినాడు. తర్వాత ఇద్దరమూ నవ్వలేదు. "నేను ఎత్తుకపోత అక్కా, నా చెల్లె అసొంటిదానివి" అన్నాడు. నేను చేయెత్తి దండం పెట్టి బండి తిప్పుకున్నాను. ఎక్కలేనని చూపించుటకు ఎత్తుకుపోయి చూపించినచో, తమవారు "ఎక్కినది గదా" అని రాస్తారు.

కావున తమరు పై అంశములను సావధానముగా పరిశీలించి,

వెంకట్రాజం గారి దుకాణం ముందర గచ్చు తిరిగి కట్టుకొనుటకు అనుమతి కాగితం ఇప్పించవలెననియు, ఇక ముందు ఏ వ్యాపారస్తుడైనా నడవలేని గిరాకి కొరకు ఇట్లాంటి దారి కట్టుకున్నచో, అది ఆక్రమణ కాదనియు, తలుపు వంటిదేననియు తమ సిబ్బందికి తెలియజేయవలెననియు, తమ కార్యాలయంలో కింద ఒక బల్ల, బల్ల వెనుక ఒక మనిషి ఉండునట్లు చూడవలెననియు కోరుకుంటున్నాను. ఆ మనిషి పెద్ద ఉద్యోగి కానక్కరలేదు. చెవులు మంచివైతే చాలు.

రోడ్డు రోలరు సంగతి తమ ఇష్టం. కోళ్ల పొదుగుడు అయ్యేదాకా ఉంచినా మాకు అభ్యంతరం లేదు.

నేను అడుగుతున్నది జాలి కాదు. బజారుకు పోయి, చూసి, బేరమాడి, నచ్చకపోతే మూతి విరుచుకుని రావడానికి దారి అడుగుతున్నాను. మిగతా ఆడవాళ్లందరూ అర్జీ పెట్టుకోకుండానే చేస్తున్న పని ఇది.

ఇందులో తప్పులున్న భాగం నాది, ఒప్పులున్న భాగం సారంగపాణి గారిది. రెండింటినీ కలిపి కూర్చున్నచోటనే చిత్తగించవలెను.

ఇట్లు,
మెట్ల కింద నుండి,
తమ విధేయురాలు,
దాసరి సోమక్క

మరొక సంగతి: ఇది సారంగపాణి గారు చూడలేదు. నంబరు వేయలేదు.

పై అర్జీ ఒళ్లో పెట్టుకుని తమ కార్యాలయానికి పోతుండగా దుకాణం ముందర తమ జీపు కనబడింది. ఇంకా ఏం మిగిలిందని వచ్చినారో అని బండి ఆపినాను. జీపులో తమరు లేరు. దుకాణం పై మెట్టు మీద ఒక పెద్దింటి అమ్మగారు కూర్చుని ఉన్నారు, పక్కన చీరల సంచి. ఎక్కేటప్పుడు ఎట్లాగో ఎక్కినారట. దిగబోతే మోకాలు పట్టేసింది. కదలలేకపోతున్నారు. తమ ధర్మపత్ని గారని డ్రైవరు చెప్పినాడు.

గుమాస్తాలు లోపలి నుండి కుర్చీ తెస్తున్నారు. డ్రైవరు అంగీ చేతులు మడుస్తున్నాడు. నాకు ఆ కుర్చీ బాగా గుర్తు. ఆగలేక కింద నుండి అరిచినాను. "అమ్మా! ఒప్పుకోకుర్రి! నేనొకపాలి ఒప్పుకున్న!"

అమ్మగారు నన్ను చూసినారు, కుర్చీని చూసినారు. "వద్దు. నన్నెవరూ ముట్టుకోవద్దు. ఇక్కడే కూర్చుంటాను" అన్నారు.

"సేటూ, లారీల నుంచి మూటలు దించే పొడుగు, వెడల్పు పలక ఉన్నది గదా, తెచ్చి వెయ్యి" అన్నాను.

వెంకట్రాజం గారు జీపు వైపు చూసినారు. "జీపు ముందల్నేనా? మళ్ల కేసైతది అక్కా!"

"ఏం కేసు?" అన్నారు అమ్మగారు.

సేటు గుమాస్తాలకు సైగ చేసినారు. పలక వేసినారు. అది జారకుండా కింది అంచు పట్టుకున్నది తమ డ్రైవరే. అమ్మగారు తలుపు చెక్క పట్టుకుని, తర్వాత హమాలీ ఒకాయన కర్ర పట్టుకుని, మెల్లగా నేల మీదికి దిగినారు. ఊపిరి పీల్చుకుని, "ఇంత సులువైన పని ముందే ఎందుకు చేయలేదు?" అని అడిగినారు.

"గచ్చు ఉండె అమ్మా. ఎవలో పలగ్గొట్టిండ్రు" అన్నాను.

"ఎవరు?"

డ్రైవరు ఆకాశం వైపు చూసినాడు. "నాకెర్క లేదమ్మా" అన్నాను. ఒక అధికారి గారి గౌరవము కాపాడుట పౌరురాలిగా నా విధి. కానీ అమ్మగారి కళ్లు నా ఒళ్లోని కవరు మీద పడినవి. దాని మీద తమ హోదా పెద్ద అక్షరాలతో ఉన్నది. చేయి చాచినారు. పెద్దవారు అడిగితే ఇవ్వకుండుట మర్యాద కాదు.

పలక ఇంకా వేసే ఉన్నది. డ్రైవరు ఇంకా పట్టుకునే ఉన్నాడు. అందుకని నేను ఎక్కినాను. లోపల చిలకపచ్చ చీర ఉన్నది. కొన్నాను. ఈ నాలుగు మాటలు గల్లా పక్కన కూర్చుని రాస్తున్నాను. అమ్మగారు కింద జీపు పక్కన కుర్చీ వేయించుకుని తక్కిన కాగితాలు చదువుతున్నారు. టమాటల ముచ్చట చదివి పెద్దగా నవ్వినారు. ఇప్పుడు చాయ బుట్ట దగ్గరికి వచ్చినట్టున్నారు. నవ్వు వినబడటం లేదు.

ఇప్పుడే డ్రైవరుతో చెప్పినారు, ఈ అర్జీ తీసుకుపోయి పై అంతస్తులో తమ చేతికే ఇవ్వమని. సంతకం చేసిన అనుమతి కాగితం లేకుండా జీపు వెనక్కి రావద్దట. జీపు వచ్చేదాకా తాను ఇంటికి పోనని, ఈ పూట అన్నం వండే మనిషి కూడా తానేనని తమకు గుర్తు చేయమన్నారు.

పక్క సందులో పని చేస్తున్న పోశయ్య మేస్త్రీని పిలిపించినారు. అమ్మగారి మాట మీద అతడు సిమెంటు కలిపేసినాడు. ఎండ బాగా ఉన్నది. తమ కార్యాలయంలో కాగితం ఎన్ని దినాలైనా ఆగుతుంది గానీ, కలిపిన సిమెంటు ఆగదయ్యా.